మా బడి గోడ మీద బాపు పోస్టర్

నా భార్య పోయి ఏడాదవుతోంది. ఆమె నేతచీరకు ఈ రోజు నేనే గంజి పెట్టాను. ఆ వాసనకు సిరిసిల్లలో మా ఇల్లు గుర్తొచ్చింది.

బడి మిత్రులారా, మా నాన్న, అదే మా బాపు, మీకు యాదికున్నాడా? మగ్గం నేస్తూనే, ఓ చిన్న పార్టీ తరఫున ప్రతి ఎన్నికలోనూ నిలబడి ఓడిపోయేవాడు. నూలుకు పెట్టగా మిగిలిన గంజితో తన బొమ్మ ఉన్న పోస్టర్లు అంటించేవాడు. గంజి రుచికి మేకలు వాటిని పీక్కుని తినేవి.

"అరేయ్, మీ బాపును మేక తింటుందిరా!" అని ఓ రోజు బడి గోడ దగ్గర మీరంతా అరిచారు. బకెట్టుతో అక్కడే ఉన్న బాపు నవ్వాడు.

"తిననియ్యుండ్రి, పోరగాండ్లూ. గీ ఊర్ల మా పార్టీల చేరింది గా మేకొక్కటే!"

అందరూ నవ్వారు. నేను తల దించుకున్నాను. బాపు అది చూశాడు.

తర్వాతి ఎన్నికకు ఊరంతా ఆయన పోస్టర్లే. మా బడి గోడ ఒక్కటే ఖాళీగా ఉంది. ఆ గోడను చూసి పడ్డ సిగ్గు నాకింకా పోలేదు.