లూమీ శాంతికుమార్

ఆత్మకూరు బస్‌డిపో వెనక వీధిలో లూమీ శాంతికుమార్ ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఆ పేరు నేనే పెట్టుకుని, జనం పెట్టినట్టు నమ్మించాను. లూమీ అంటే నల్లగా, రాయిలా ఎండిన నిమ్మకాయ. కువైట్‌లో పన్నెండేళ్లు వంటమనిషిగా చేసి, పెట్టెనిండా తెచ్చుకున్న దినుసుల్లో అదొకటి. సుమాక్ అనే పుల్లటి ఎర్రపొడి, చెర్రీ గింజల పప్పు, ఇరాన్ కుంకుమపువ్వు కూడా ఉన్నాయి. పెళ్లివంటలు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ల ముక్కు దగ్గర సీసాల మూతలు తీసేవాణ్ణి. వాళ్లు కళ్లు మూసుకుని ఆహా అనేవాళ్లు. నేనూ అనేవాణ్ణి.

నిజానికి నాకు ఒక్క వాసనా తెలియదు. కరోనా జ్వరంలో పోయిన వాసనా రుచీ మళ్లీ రాలేదు. ఆ సంగతి బయటపడితే నన్ను వంటకు పిలిచేదెవరు? అందుకే విదేశీ దినుసులు పట్టుకున్నాను. పప్పుచారు చెడితే చిన్నపిల్లలైనా కనిపెడతారు. లూమీ వేసిన మాంసం ఎలా ఉండాలో ఇక్కడ ఎవరికి తెలుసు? ఉప్పు మాత్రం మా ఆవిడ సుధారాణి చూసేది. మిగతా రుచెలా ఉందని అడిగితే వినపడనట్టు వెళ్లిపోయేది.

పోయినేడు మా సొంతూరు ఉదయగిరిలో మా చర్చి కోతపండగ వచ్చింది. ఆ రోజు సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు నలభై ఏళ్లుగా శీనమ్మవ్వే వండేది. మోకాళ్లు పట్టేశాయని అందరి ముందూ తన పెద్ద గరిటె నా చేతికిచ్చింది. వంట కుదరకపోతే మళ్లీ లాక్కుంటుందేమోనని నాకు లోపల భయం. సరిగ్గా ఆ రోజే సుధారాణి తమ్ముడి కొత్తింటి ప్రార్థనకని చేజర్ల వెళ్లింది.

మూడు గుండిగల బిరియానీ దించాను. పాస్టరుగారు ప్రార్థన చేశారు. వడ్డన మొదలైంది. అందరూ తలవంచుకుని తింటున్నారు. ప్రార్థన చేసిన అన్నానికి వంక పెట్టడం మా వాళ్లలో లేదు. సంఘపెద్ద జనార్దనయ్య ముద్దకో గుక్క నీళ్లు తాగుతున్నాడు. ఇది కువైట్‌లో షేకులు తినే వంట అని మైకులో చెప్పాను. అక్కడ ఇలాగే తింటారు కాబోలని అందరూ తలలూపారు. నేను పొంగిపోయాను.

శీనమ్మవ్వ నన్ను దగ్గరికి పిలిచి, చెవిలో మెల్లగా చెప్పింది.

"శాంతీ, ఉప్పెయ్యలేదురా."

మూడింటిలోనూ వెయ్యలేదు. కుంకుమపువ్వు పాలలో నానబెట్టే హడావుడిలో ఉప్పు పొట్లం విప్పనేలేదు. గరిటె ఆమె ఒళ్లో పెట్టేశాను. ఏడుపొచ్చింది.

"నాకు వాసనా రుచీ తెలీవవ్వా. నాలుగేళ్లయింది."

ఆమె గరిటెను తడుముకుంటూ పట్టుకుంది.

"నా మోకాళ్లు బాగానే ఉండాయిరా. కండ్లు కనపడక నీకిచ్చినాను. పసుపేదో కారమేదో తెలీడంలా. చెప్పుకోడానికి సిగ్గేసింది."

గరిటె మళ్లీ నా చేతిలోనే పెట్టింది. వేడినీళ్లలో కల్లుప్పు కరిగించి, గుండిగల్లో చల్లి, అడుగు నుంచి కలపమంది. రెండో వడ్డనకు జనార్దనయ్య అందరికంటే ముందు పళ్లెం పట్టాడు.

అప్పటినుంచీ ప్రతి విందుకీ శీనమ్మవ్వ నా పొయ్యి పక్కనే కుర్చీ వేసుకుంటుంది. ఉల్లిపాయ ఏ రంగుకొచ్చిందో నేను చెప్తాను. ఉప్పు సరిపోయిందో లేదో ఆమె చెప్తుంది. మొదటిరోజే లూమీ కాయొకటి నాలిక మీద పెట్టుకుని ఉమ్మేసింది.

"శానా చేదురా ఇది. ఇన్నాళ్లూ అందరూ నీ మొహం చూసి తిన్నారు."