మొదటి భాగం ఇవ్వని దరియావలి

దరియావలి అన్న దగ్గర "ఉప్పు చంద్రుడు" నవలలన్నీ ఉన్నాయి. మొదటి భాగం మాత్రం చచ్చినా ఎవరికీ ఇవ్వడు. మనిషికి ఉన్న పిచ్చి ఇదొక్కటే.

నాయుడుపేటలో బైకు సీట్లు కుడతాడు. రెగ్జిన్ చుట్టల వెనక అలమరలో ఆ పుస్తకాలుంటాయి. మంత్రగాళ్లు రాకెట్లెక్కి గ్రహాలు తిరిగే కథ. రాసేవాడు ఆపడు, ఈయన కొనడం మానడు. చదువుతానని నోరు జారితే చాలు, మిషను ఆపి మన మొహం పరీక్షగా చూసి, మధ్యలోంచి ఏదో ఒకటి లాగి చేతిలో పెడతాడు. పూలమ్మే ఏసుమణికి పన్నెండోది ఇచ్చాడు. "ఇదేమన్నా మందుల షాపా, మొహం జూసి ఇచ్చేదానికి?" అని తిట్టింది. తిడుతూనే పట్టుకెళ్లింది.

నేను రొయ్యల మేత అమ్మే ఉద్యోగం మీద కొత్తగా ఆ ఊరొచ్చాను. గదికి చేరాక పలకరించే మనిషి లేడు. ఒంటరితనం ఎంత ముదిరిందంటే, లోను కావాలా అని ఫోన్ చేసిన అమ్మాయిని ఊరూ పేరూ అడుగుతూ పెట్టేయనిచ్చేవాణ్ణి కాదు. ఆ రోజుల్లోనే బైకు సీటు చిరిగి ఆయన దగ్గరికి వెళ్లాను. అలమరలో పుస్తకాలు చూసి చదువుతానన్నాను.

"ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలన్నా?"

నా మొహం చూశాడు. ఎనిమిదోది ఇచ్చాడు.

మొదటి పేజీలోనే ఎవరో పోయారు. గ్రహాలన్నీ గుండెలు బాదుకుంటున్నాయి. పోయిందెవరో తెలియక నేనొక్కణ్ణే ఏడవలేదు. మర్నాడే పరిగెత్తాను.

"అన్నా, పోయింది ఎవురు?"

"నేను చెప్పకూడదబ్బయా. దొరవారిసత్రంలో రంగనాయకులు గారని ఉండారు. ఏడోది ఆయనకిచ్చినా. పోయి అడుగు."

"చావు కబురు కోసం అంత దూరం పోవాల్నా?"

"సీటు కొత్తదే గదా."

రంగనాయకులు గారు వరి రైతు. భార్య పోయాక ఇంట్లో ఒక్కరే ఉంటూ ఊళ్లో మాటలు మానేశారు. నన్నూ అనుమానంగానే చూశారు గానీ, పుస్తకం పేరెత్తగానే మంచం వాల్చారు. పోయింది రాణి. ఆమె ఎంత మంచిదో చెబుతూ అన్నం పెట్టారు, చెబుతూనే మజ్జిగ పోశారు. లేవబోతే చెయ్యి పట్టుకున్నారు.

"ఆమె పోయినాక రాజు ఏం చేసినాడు? నీ దాంట్లో ఉంటది గదా."

చదివి ఆదివారం వచ్చి చెబుతానన్నాను. అప్పట్నుంచి ఆదివారాలు ఆయనవే. అటు ఏసుమణి కూడా పదకొండోది చదివినవాళ్ల కోసం వీధులు గాలిస్తోందని తెలిశాక, దరియావలి అన్నని నిలదీశాను.

"మమ్మల్ని కలిపేదానికే గదన్నా ఈ తిప్పలు?"

ఆయన సూది మీంచి తలెత్తలేదు. "ఒంటిగా చదువుకుంటే ఏం బాగుంటదబ్బయా."

"మరి మొదటిది?"

"అది నా దగ్గరే ఉండాల. నన్ను గూడా ఎవురన్నా కథ అడగాల గదా. అందరూ పుస్తకం ఇమ్మనేవాళ్లే."

నవ్వొచ్చింది, ఆ వెంటే మనసు చివుక్కుమంది. ఆ ఆదివారం రంగనాయకులు గారిని బైకెక్కించి తెచ్చాను. ఇద్దరం రెగ్జిన్ చుట్టల మీద కూర్చున్నాం.

"మొదట్లో ఏం జరిగిందో చెప్పన్నా."

దరియావలి అన్న మిషను మీద గుడ్డ కప్పి, గొంతు సవరించుకున్నాడు. ముందు సముద్రం పుట్టింది, తర్వాత ఉప్పు, ఆ తర్వాత రాణిగారి ముత్తాత. వారం వారం చెబుతూనే ఉన్నాడు. రాణి ఇంకా పుట్టనే లేదు.

తొందరేం లేదంటున్నారు రంగనాయకులు గారు.