ఎర్రలు పట్టిన సీటు

కిటికీలోంచి ఎవరైనా సీటు కోసం తువ్వాలు వేస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఆ రోజు చాపాడులో జమ్మలమడుగు బస్సెక్కాను. ప్రొద్దుటూరు బస్టాండులో బస్సు ఆగగానే ఒక పెద్దామె కిటికీలోంచి చెయ్యి పెట్టి, నా పక్క సీటు మీద మూతపెట్టిన డబ్బా ఉంచింది. ఆమె ఎక్కేలోపు ఒక తెల్లచొక్కా ఆయన డబ్బాను కింద పెట్టేసి, తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు.

"అప్పా, అది నా సీటు. డబ్బా పెట్టింటి గదా."

"సీటుకు తువ్వాలెయ్యాలమ్మా. డబ్బా ఎవురు పెట్టమన్యారు? ఏముండాది దాంట్లో, బంగారా?"

"నువ్వే చూడప్పా."

ఆమె డబ్బా తీసి, మూత తెరిచి ఆయన ముక్కు కింద పెట్టింది. తడిమట్టిలో వానపాములు లుకలుకలాడుతున్నాయి. ఆయన కేకపెట్టి లేచి, డ్రైవరు వెనక తేలాడు. బస్సంతా ఒకటే నవ్వు.

"ఎర్రలప్పా! గాలానికి ఎర. మైలవరం డ్యాముకు పోతాండా."

ఆమె ఆయన తువ్వాలును మడిచి ముందుకు అందించి, దర్జాగా కూర్చుంది. నేను కాస్త కిటికీ వైపు జరిగి అడిగాను.

"వీటికి చేపలు పడతాయా అవ్వా?"

ఆమె డబ్బాను ముద్దుగా తట్టింది.

"సీటే పట్టినాయి, చేపలు పట్టవా?"