స్టీరింగుకు తలంటు పోసిన రోజు

మనిషి చేసే పొరపాట్లలో కొన్ని ఇంటికి తెలుస్తాయి, కొన్ని వీధికి తెలుస్తాయి. నేను చేసినది జార్జి టౌన్ నుంచి ఎన్నూరు దాకా, మధ్యలో ఉన్న రాయపురం, తండయారుపేట, తిరువొత్తియూరులతో సహా, చెవులున్న ప్రతి ప్రాణికీ తెలిసింది. ఇది నవ్వులాట విషయం కాదు. కాస్త గంభీరంగా కూర్చుని చదవమని మనవి. నవ్వొస్తే ఆపుకోండి. ఆ రోజు నేనూ ఆపుకున్నాను. హారన్ తప్ప అన్నీ ఆపుకోగలిగాను.

'మద్రాసు మనదే' అన్న రాతలు గోడలమీద వెలిసిపోతున్న కాలం. నాకు ఇరవై మూడేళ్ళు. చదువు ఐదో క్లాసు. ఆరో క్లాసు నన్ను చూసి తలుపు వేసుకుంది. జార్జి టౌన్‌లో డాక్టర్ గ్రేసమ్మగారి దగ్గర డ్రైవరు ఉద్యోగం. ఆవిడ బంగళా వెనక, కారు షెడ్డును ఆనుకొని రెండు గదుల్లో నేను, మా అమ్మ, నా భార్య రాజమ్మ ఉండేవాళ్ళం. ఆ నెల రాజమ్మ లేదు. తొలి కాన్పుకు ఎన్నూరులో పుట్టింటికి వెళ్ళింది.

డాక్టరమ్మ నాకు మాట ఇచ్చింది. "నొప్పులు మొదలైతే కబురు చెయ్యమను. నేనే వస్తాను. కారు మాత్రం సిద్ధంగా ఉంచు, మునిరత్నం. అంతే నీ పని."

అంతే నా పని. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయాను.

ఆయుధపూజ వచ్చింది. మా ఊళ్ళో ఆ రోజు కత్తెర నుంచి కారు దాకా ప్రతి పనిముట్టుకూ బొట్టు పెట్టి దణ్ణం పెడతాం. డాక్టరమ్మ క్రిస్టియన్ అయినా, "నీ పూజ నువ్వు చేసుకో" అనేది. పొద్దున్నే నేను బానెట్ తుడుస్తుంటే ఎదురింటి డ్రైవరు కుప్పన్న వచ్చి లోపలికి తొంగి చూశాడు.

"ఏం బా, పైపైన తుడిస్తే పూజ అయిపోద్దా? ఆ స్టీరింగు చూడు. బజ్జీలు తిన్న చేత్తో పదేళ్ళు తిప్పినట్టుంది జిడ్డు."

"చూస్తా ఉండు కుప్పన్నా. ఈ పొద్దు దానికి తలంటు పోస్తా."

"తలంటు పొయ్యాలంటే తల ఊడదీస్తావా ఏంది?"

అతను పరిహాసానికి అన్నాడు. నేను పౌరుషానికి విన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఆ పెద్దలకు కారు లేదు కనుక, విప్పనేల, బిగించనేల అనే రెండో భాగం చెప్పకుండానే పోయారు.

విప్పాను. చాలా పద్ధతిగా విప్పాను, అది ఒప్పుకోవాలి. ముందు బ్యాటరీ తీగ తీశాను. చక్రం నడిమధ్య ఉన్న హారన్ మీట పీకాను. దాని కింద ఒక స్ప్రింగు, ఒక ఇత్తడి రేకు, చిన్న మినపవడలాగా నడుమ బెజ్జం ఉన్న గోధుమరంగు బిళ్ళ ఒకటి. ఆ అడుగున పెద్ద నట్టు. వాటిని వరసగా కాగితంమీద పేర్చాను. చక్రం ఇరుసు పళ్ళమీద ఎటు కూర్చుందో తెలియాలని, సుద్దముక్కతో రెంటికీ కలిపి ఒక గీత గీశాను. నా బుద్ధిని నేనే మెచ్చుకొని, చక్రాన్ని వెనకనుంచి కొయ్యసుత్తితో నాలుగు తట్టి ఊడదీశాను. ఆ తర్వాత సీకాయపొడి వేసి బ్రహ్మాండంగా రుద్ది కడిగాను. జిడ్డు పోయింది. గీత కూడా పోయింది. ఇరుసుమీది గీతైనా మిగిలిందా అంటే, అంతకుముందే దాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడిచేశాను. శుభ్రంలో నాకు పక్షపాతం లేదు.

నేను స్నానానికి పోయి వచ్చేసరికి మా అమ్మ పూజ సిద్ధం చేసేసింది. కాగితంమీది ముక్కలన్నీ ఇత్తడి పళ్ళెంలోకి ఎక్కాయి. వరస తప్పిపోయి అందంగా ఉన్నాయి. ప్రతి ముక్కకూ గంధం, కుంకుమ. చక్రం పీటమీద, చామంతి దండతో. బానెట్‌కు ఇంకో దండ. పక్కనే నా స్పానర్లు.

"పసుపు వినాయకుడు ఒక పట్టాన నిలవలేదురా. తమలపాకు మీద పెడితే పక్కకు ఒరిగిపోతా వచ్చినాడు. ఇప్పుడు చూడు, ఎంత నిటారుగా కూచున్నాడో!" అంది అమ్మ.

చూశాను. నిజంగానే నిటారుగా కూర్చున్నాడు. విఘ్నాలు రాకుండా చూడు స్వామీ అని చెంపలు వేసుకున్నాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. మా ఇంట్లో వినాయకుడు బాగానే కుదిరాడు. ఆ రెండోది నేను.

హారతి అయింది. చక్రం తీయబోయాను. చేతిమీద చురుక్కుమని దెబ్బ పడింది.

"యాడికిరా చెయ్యి?"

"బిగించాలమ్మా."

"ఈ పొద్దు ఆయుధాన్ని ముట్టకూడదు. రేపు పొద్దున పునఃపూజ అయినాకే."

"అది ఆయుధం కాదమ్మా, కారు."

"కారు మీదుంటే కారు. పీట మీదుంటే ఆయుధం."

"స్పానరైనా ఇయ్యి."

"దానికీ బొట్టు పెట్టినా. అదీ విశ్రాంతి తీసుకోవాల."

హైకోర్టు మాకు నాలుగు వీధుల అవతలే ఉంది కానీ, ఈ తీర్పుమీద అక్కడ అప్పీలు లేదు.

మధ్యాహ్నం డాక్టరమ్మ వరండాలోంచి అడిగింది. "కారు తయారేనా మునిరత్నం?"

"పూజలో ఉందండీ."

అబద్ధం కాదు. ఎంత భాగం పూజలో ఉందో ఆవిడ అడగలేదు.

మూడు గంటలకు మా మామ చెంగయ్య షెడ్డులోకి పరుగెత్తుకొచ్చాడు. ఎన్నూరు ఉప్పు కొటారులో కావలి పని ఆయనది. రైలు దిగి, దారిపొడుగునా పరుగే కాబోలు, చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"అల్లుడా! తెల్లారగట్లనే నొప్పులు మొదలైనాయి. ఇంకా కాలేదు. మంత్రసాని నా వల్ల కాదనేసింది. డాక్టరమ్మను పిలువు! సీక్రం బండి తియ్యి!"

"తిరుగు రైలు?"

"ఇంకా రెండు గంటల దాకా లేదు. అందాకా ఆడ..." అంటూ ఆయన కారు తలుపు తెరిచి ఆగిపోయాడు. చక్రం ఉండవలసినచోట ఒక ఇనుప కడ్డీ మాత్రం ముందుకు పొడుచుకొని ఉంది. "ఏందిది? చక్రమేదీ?"

"పూజలో ఉంది మామా."

ఆయన పీటవైపు చూశాడు, నావైపు చూశాడు. కేక వేయలేదు. "నా బిడ్డ ఆడ ప్రాణాలు పట్టుకోని నీకోసరం చూస్తా ఉంటే, నువ్వు ఈడ చక్రానికి పూలు చుడతా ఉండావా?" అన్నాడు మెల్లగా.

నా నోట్లో ఎప్పుడూ ఒక జోకు ఉంటుంది. ఆ పూట లేదు.

అమ్మ లేచింది. చెంగు నడుముకు దోపింది. పీట ముందు నిలబడి, "తప్పయితే నాది, స్వామీ. నా కోడలు ఆడ కష్టంలో ఉంది. వీటిని రేపు మళ్ళీ పడుకోబెడతా" అని చెప్పి, తన చేత్తోనే చక్రం, పళ్ళెం, స్పానరు తీసి నాకిచ్చింది. "వినాయకుణ్ణి మాత్రం కదిలించను. ఆయన ఈడనే కూచోని చూసుకుంటాడు."

బిగించాను. గంధంతో స్ప్రింగు జారిపోతోంది. వడలాంటి బిళ్ళ ఒకటి ఉండాలని లీలగా గుర్తు. పళ్ళెంలో లేదు. పొద్దుటినుంచి ఏమీ తినలేదు కనుక, అది ఆకలికి తట్టిన వడేమో అనుకున్నాను. నట్టు బిగించి, బ్యాటరీ తీగ తగిలించగానే అమ్మ నా చేతిలోంచి స్పానరు లాక్కుంది. "పనైందిగా" అని దాన్ని మళ్ళీ పీటమీద పడుకోబెట్టింది.

డాక్టరమ్మ సంచితో వెనక కూర్చుంది. మామ నా పక్కన. గేటు దాటి కుడికి తిప్పాను.

హారన్ మోగింది. నేను మీట నొక్కలేదు. ఎడమకు తిప్పాను, ఆగింది. మళ్ళీ కుడికి తిప్పాను, మళ్ళీ ఎత్తుకుంది. పైగా చక్రం అడ్డంగా కూర్చుంది. కారు నేరుగా పోవాలంటే అది అలిగిన భార్యలాగా గోడవైపు చూడాలి.

"ఎందుకా హారన్?" అంది డాక్టరమ్మ.

"సందులో చేతిబండ్లు ఎక్కువండీ."

కాసేపయ్యాక, "సందు దాటి చాలాసేపైంది, మునిరత్నం."

"ఆవులండీ."

"ఆవులేవీ లేవే."

"వస్తాయేమోనని."

మామ రెండు చెవులూ మూసుకున్నాడు. "ఆపయ్యా దాన్ని!"

"ఎడమకు తిప్పితే ఆగుద్ది మామా."

"అయితే ఎడమకే పో!"

"ఎడమకే పోతా ఉంటే చుట్టు తిరిగి మన షెడ్డుకే వస్తాం."

ఎవరినైనా దాటాలంటే కుడికి తిప్పాలి. కుడికి తిప్పితే కూత. ఆ కూత విని బస్సులు మట్టిలోకి దిగాయి. ఎడ్లబండ్లు సందుల్లోకి దూరాయి. తండయారుపేట కూడలిలో పోలీసు మమ్మల్ని చూశాడు. ఊరు దద్దరిల్లే హారన్, బానెట్‌కు చామంతి దండ, వెనక సీట్లో కదలకుండా కూర్చున్న తెల్లచీర ఆవిడ. ఎవరనుకున్నాడో ఏమో, నాలుగు రోడ్లూ ఆపి, బిర్రబిగుసుకొని సలాము కొట్టాడు. డాక్టరమ్మ గత్యంతరం లేక తల ఊపింది. ఆ తోవలో అంత వేగంగా నేను అంతకుముందూ పోలేదు, తర్వాతా పోలేదు.

ఎన్నూరులో, మామ ఇంటి ముందు ఇసుకలో కారు ఆపాను. ఇంజను ఆగింది. హారన్ ఆగలేదు.

"ఆ చప్పుడు ఆపు. లోపల మనిషికి నిశ్శబ్దం కావాలి" అని డాక్టరమ్మ లోపలికి నడిచింది.

చక్రాన్ని ఎడమకు లాగి పట్టుకున్నాను. మౌనం. వదిలాను. చక్రం కాస్త కుడికి జారి మళ్ళీ కూత. పట్టుకున్నాను. తీగ ఊడదీయాలంటే స్పానరు కావాలి. స్పానరు జార్జి టౌన్‌లో బొట్టు పెట్టుకొని విశ్రాంతి తీసుకుంటోంది. అంచేత, అయ్యా, నా భార్య లోపల కంటుంటే నేను బయట చక్రం పట్టుకొని కూర్చున్నాను. భుజంమీది తువాలుతో దాన్ని తలుపుకు కట్టేయవచ్చన్న ఆలోచన నాకు రాకపోలేదు. బారసాల రోజున వచ్చింది.

హారన్‌కు ఊరంతా పోగైంది. వలలు బాగుచేసుకునే ముసలాయన ఒకడు కిటికీలోంచి పలకరించాడు.

"అల్లుడుగారూ, దిగరా?"

"దిగను."

"ఎందుకంట?"

"దిగడానికి లేదు."

ముసలాయన జనంవైపు తిరిగి తేల్చేశాడు. "అల్లుడు అలిగినాడప్పా. పండగకు ఉంగరం పెట్టలేదని కారు దిగనంటా ఉండాడు."

అయ్యో పాపమని మామను చూసి ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. మామ పరుగున వచ్చాడు. "ఇప్పుడా అలక? ఇంత కష్టంలోనా?"

"అలక కాదు మామా, హారన్! ఒక్క నిమిషం నువ్వు పట్టుకో, రాజమ్మను చూసొస్తా."

"ఆ దెయ్యాన్ని నేను ముట్టను."

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. భుజాలు లాగేశాయి. లోపలినుంచి రాజమ్మ మూలుగు వినబడుతూనే ఉంది. అది వినబడినంతసేపూ ధైర్యంగానే ఉంది. తర్వాత ఒక పెద్ద కేక. ఆ తర్వాత ఏమీ లేదు.

బిడ్డ ఏడుపు కోసం చెవులు రిక్కించాను. లేదు. జనం కూడా మాట్లాడటం మానేశారు. అల వచ్చి విరిగిన చప్పుడు. ఇంకొక అల. ఇంకొకటి. నాకు తెలిసిన దేవుళ్ళందరూ అయిపోయారు. డాక్టరమ్మ దేవుణ్ణి కూడా పిలిచాను.

చక్రం వదిలేసి గుమ్మంవైపు పరుగెత్తాను. వెనక హారన్ ఆకాశం పగిలేలా ఎత్తుకుంది. నేను గడప తొక్కేసరికి లోపలినుంచి ఇంకొక గొంతు దానికి జవాబిచ్చింది. సన్నటి గొంతు, కానీ హారన్‌కు తీసిపోదు.

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. ముందు దాన్ని ఆపు."

"దేన్నండీ?"

"బయటిదాన్ని. లోపలిది ఏడవాలి."

"హారన్ విని ఏడ్చిందాండీ?"

"నేను వీపు తడితే ఏడ్చింది. ఆ పేరు నీ హారన్‌కు ఇవ్వకు" అంది. రెండడుగులు వేసి ఆగింది. "ఇంకో పావుగంట ఆలస్యమై ఉంటే మాత్రం..." అని, మాట పూర్తి చేయలేదు. నేనూ అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

రాజమ్మ కళ్ళు తెరిచి నన్ను చూసింది. "కారు ఉప్పు మళ్ళ కాడ ఉండంగానే వినబడింది. ఇంత గోలగా వచ్చేది మా ఆయనే అనుకోని ఓర్చుకున్నా. ఏందిది, ఒంటినిండా గంధం వాసన?"

"పూజలోంచి వస్తున్నా" అన్నాను. కళ్ళు తుడుచుకోవడానికి తువాలు అప్పుడు మాత్రం బాగా గుర్తొచ్చింది.

మామ కొటారునుంచి పట్టకారు తెచ్చి హారన్ తీగ ఊడబీకాడు. డాక్టరమ్మ మాత్రం మౌనమైన కారునూ నమ్మక రైల్లో వెళ్ళిపోయింది.

మరునాటి ఉదయం నేను షెడ్డుకు చేరేసరికి పునఃపూజ ముగిసింది. అమ్మ మనవరాలి కబురు విని, ఆనందబాష్పాలు ఒత్తుకొని, నీళ్ళలో కలపడానికి పసుపు వినాయకుణ్ణి తమలపాకుతో సహా పైకెత్తింది. ఆకు కింద గోధుమరంగు మినపవడ ఉంది.

"అమ్మా! ఇదేంది?"

"పీటరా. స్వామి ఒరిగిపోతా ఉంటే దీని మీద కూచోబెట్టినా."

"ఇది లేకనే హారన్ దోవంతా మొత్తుకుందమ్మా!"

"మొత్తుకోబట్టే గదా అందరూ దోవ ఇచ్చినారు?" అంది అమ్మ. "స్వామి ఊరికే కూచుంటాడా?"

ఐదో క్లాసు చదువుతో దీనికి జవాబు దొరకలేదు. ఆరో క్లాసు చదివినవాళ్ళను కూడా అడిగి చూశాను.

అందుచేత, సీకాయపొడి సాక్షిగా, కిరసనాయిలు గుడ్డ సాక్షిగా, తండయారుపేట పోలీసు సలాము సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బిగించి ఉన్న దేన్నీ ఆయుధపూజ రోజున ఇక విప్పను. ఒకవేళ బుద్ధి గడ్డితిని విప్పినా, విఘ్నాలు తొలగించమని దణ్ణం పెట్టేముందు, స్వామిని కాస్త పైకెత్తి, కింద చూసుకొని, మళ్ళీ కూర్చోబెడతాను.