మాస్టారి కారు తాళాలు

యజ్ఞనారాయణ మాస్టారు వాదనలో గెలవడం నేను కళ్ళారా చూశాను. అమెరికాలో, మా నేపర్‌విల్ లైబ్రరీలో మంగళవారాలు మన తెలుగు పెద్దవాళ్ళం కూర్చునే గదిలో. అవతలి మనిషి కొండల్ రావు గారు. వరంగల్ కోర్టులో గుమాస్తాగా చేసి కూతురింటికి వచ్చినాయన.

"ఎవలది వాళ్ళకిచ్చుడే న్యాయం సార్. ఇంకేముంటది?" అన్నాడాయన.

"మీ స్నేహితుడు మీ దగ్గర కత్తి దాచాడు. మతి చెడి, అరుస్తూ వచ్చి అడిగాడు. ఇస్తారా?" అన్నారు మాస్టారు.

"ముందుగాల చాయ్ ఇస్త."

"తాగాడు. మళ్ళీ అడిగాడు."

కొండల్ రావు గారు తల గోక్కుని, "ఇయ్య" అన్నాడు. గదంతా నవ్వు. న్యాయమంటే ఏమిటని రెండున్నర వేల ఏళ్ళ కిందట గ్రీకులు ఇలాగే వాదించుకున్నారని చెప్పి మాస్టారు కాలరు సర్దుకున్నారు.

"దీనికి గ్రీకులెందుకు? మా అత్తగారూ చెప్పేది" అన్నాను. నేను చదివింది ఐదో తరగతి. నాకెవరి భయం?

మాస్టారి బతుకంతా ఆ గ్రీకులే. పందొమ్మిది వందల డెబ్బైల్లో ఈ దేశం వచ్చి, ఇక్కడి కాలేజీలో ముప్పై ఏళ్ళు ఆ పాఠమే చెప్పారు. భార్య పోయాక మా వీధి చివర ఒక్కరే ఉండేవారు. కూతురు బిందుమాధవి ఎక్కడో దూరాన రెడ్‌మండ్‌లో. చారు బాగా పెట్టేవారు, అది ఒప్పుకోవాలి.

పోయినేడు పాల కోసమని కారెక్కి పక్క రాష్ట్రం ఇండియానాలో తేలారు. మర్నాడు నా దగ్గరికొచ్చి తాళాలు చేతిలో పెట్టారు.

"మరుపు మొదలైందట, ఆండాళ్ గారూ. నేనే వచ్చి అడిగినా ఇవ్వకండి."

"ఇవ్వను పొండి" అని పోపులడబ్బాలో పడేశాను.

నెల తిరక్కుండా వచ్చారు. తల దువ్వి, ఇస్త్రీ చొక్కా తొడిగి. నా మోకాలి నొప్పి ఎలా ఉందని కూడా అడిగారు. డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది, తాళాలివ్వండి అన్నారు. ఇవ్వనన్నాను.

"నా వస్తువు నాకివ్వనంటారా?" అన్నారు నింపాదిగా.

పరాయి వస్తువు దాచుకున్నానని డెబ్బై ఆరేళ్ళలో నన్నెవరూ అనలేదు. రోషం పొడుచుకొచ్చింది. ఆవాలు అంటుకున్న తాళాలు తీసి ఆయన ముందు గిరాటేశాను. "తీసుకోండి, మీవేగా!"

ఆ రోజే కారుతో రైలు గేటు దగ్గర స్తంభాన్ని గుద్దారు. ఇంకెవరికీ తగల్లేదు గానీ ఆయన తుంటి విరిగింది. ఇక నడవలేరట. బిందుమాధవి వచ్చి నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆస్పత్రికి చారు పట్టుకెళ్ళాను. ఆ పూట ఆయనకి అన్నీ గుర్తున్నాయి. "తప్పు నాది మాస్టారూ" అన్నాను. ఆ మాట నా నోట మా ఆయన కూడా వినలేదు.

మాస్టారు చారు గిన్నె పక్కన పెట్టారు.

"మంగళవారం లైబ్రరీకి వెళ్ళండి. నేను చెప్పానని కొండల్ రావు గారితో అందరి ముందూ చెప్పండి. నా ప్రశ్నలో స్నేహితుడు అరుస్తూ వచ్చాడు, అందుకే గెలిచాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మోకాలి నొప్పి అడుగుతూ వస్తే ఏం చెయ్యాలో నాకూ తెలియదని చెప్పండి. తాళాలు ఇచ్చిందెవరో మాత్రం చెప్పకండి."