కిటికీల రంగు గీకించిన ఏడాది

నందిగామలో మాకు గవర్నమెంటు క్వార్టరు దొరికిందని తెలిసిన రోజు మా అత్తయ్య మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసి, ఇరుగుపొరుగుకి పంచదార పంచింది. నాకు నందిగామలోనే ఎలిమెంటరీ స్కూల్లో టీచరు ఉద్యోగం. మా ఆయన అక్కడే ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. అప్పటిదాకా జగ్గయ్యపేటలో అత్తయ్య ఇంట్లో ఉంటూ ఇద్దరం రోజూ బస్సులో తిరిగేవాళ్లం. డెబ్భైల చివరి రోజులవి. పాపకి అప్పుడు రెండో ఏడు నడుస్తోంది. దాన్ని చూసుకోవడానికి అత్తయ్య కూడా మాతో వచ్చేసింది.

క్వార్టర్లన్నీ ఒకే వరసలో ఉండేవి. తలుపులకీ కిటికీలకీ ముదురు ఆకుపచ్చ రంగు. పాత రంగు తియ్యకుండా దాని మీదే మళ్లీ మళ్లీ పూస్తూ వచ్చారు కాబట్టి అట్టకట్టి, ఎండకి పొలుసులు లేచి ఉండేది. ఊచల మీద అది ఊడిన చోట అడుగున సిందూరం లాంటి ఎర్రరంగు కనిపించేది. ఇల్లు పాతదే అయినా గాలీ వెలుతురూ ఉన్నాయని సంబరపడ్డాం.

నేను బడికి వెళ్లాక పాప కిటికీ పట్టుకుని నిలబడేది. తక్కువ ఎత్తున ఉన్న కిటికీ చెక్క, దాని పళ్లకి సరిగ్గా అందేది. పళ్లు వచ్చే వయసు, చెక్క కొరుకుతోందని అత్తయ్య నవ్వేది. సాయంత్రం నేను వచ్చేసరికి దాని పెదాల మీద ఆకుపచ్చ నలకలు ఉండేవి. కొంగుతో తుడిచి ఎత్తుకునేదాన్ని.

కొన్ని నెలలకి పాప పాలిపోయింది. కడుపు పట్టుకుని ఏడ్చేది. విరేచనం అయ్యేది కాదు. అందరూ నులిపురుగులన్నారు. మందు పట్టించాం. దిష్టి అని పక్కింటావిడ ఉప్పు తిప్పింది. అంతకుముందు "అమ్మ, తాత, బువ్వ" అంటూ ఇల్లంతా తిరిగిన పిల్ల ఆ మాటలు కూడా మానేసింది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తినిపిస్తుంటే నా ఒళ్లోనే దానికి ఫిట్స్ వచ్చాయి. కళ్లు పైకి తిరిగిపోయాయి. అత్తయ్య "యేసయ్యా" అని ఒక్క కేక పెట్టింది. మా ఆయన పాపని భుజాన వేసుకుని రోడ్డు మీదకి పరుగెత్తాడు. హైదరాబాదు నుంచి వస్తున్న బస్సుని చెయ్యెత్తి ఆపి, బెజవాడ పెద్దాసుపత్రికి చేర్చాం.

అక్కడి డాక్టరు గారు పెద్దవయసాయన. పాప చిగుళ్లు చూశారు, మోకాళ్లకి ఎక్స్‌రే తీయించారు. తర్వాత నన్ను పిలిచి అడిగారు.

"ఈ పిల్ల ఏమన్నా తింటుందా అమ్మా? మట్టీ, సున్నం, అలాంటివి?"

"మట్టి తినదండి. కిటికీ కొరుకుతుంది."

"రంగేసిన కిటికీయా?"

"అవునండి."

"రంగులో సీసం కలుపుతారమ్మా. అది కడుపులోకి పోతే రక్తంలో కలుస్తుంది. మీ పిల్లకి మెదడు దాకా ఎక్కింది" అన్నారు. దాన్ని బయటికి లాగే ఇంజెక్షన్లు మద్రాసు నుంచి తెప్పించాలన్నారు. అవి వచ్చేదాకా, వచ్చాక కూడా, మా పాప సూదిపోట్లకి ఏడ్చే ఓపిక లేక మూలుగుతూ పడుకుంది. బతికింది. ఇంటికి పంపేటప్పుడు ఆయన ఒకటే చెప్పారు: "ఆ రంగు తీయించేదాకా ఆ ఇంట్లో అడుగు పెట్టనివ్వద్దు."

మళ్లీ జగ్గయ్యపేట చేరాం. మా ఆయన క్వార్టర్లు చూసే ఇంజినీరు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మొదటిసారి వెళ్లొచ్చిన రోజు చొక్కా విప్పకుండానే అరుగు మీద కూలబడ్డాడు.

"ఏమన్నారండీ?" అన్నాను.

"'ఆ క్వార్టర్లలో ఎందరు పిల్లలు పెరగలేదయ్యా? మీ పిల్లని మీరు కనిపెట్టుకోవాలి గానీ గవర్నమెంటు కిటికీకి కాపలా కాస్తదా' అన్నాడు. పక్కనున్నోళ్లు నవ్వారు."

అత్తయ్య ఆ మాట విని లోపలికి వెళ్లిపోయింది. పాపని కనిపెట్టుకుని ఉన్నది ఆమే. ఆ తర్వాత చాలాకాలం ఆమె మాలో ఎవరితోనూ నోరారా మాట్లాడలేదు.

చివరికి డాక్టరు గారే ఇంజినీరు పై ఆఫీసరుకి చెప్పారు. ఆ ఆఫీసరు స్వయంగా వచ్చి, గోటితో రంగు గీకి చూసి, వరస మొత్తం గీకించమని ఆర్డరు వేశాడు. మా బాధ ఇన్నాళ్లకి ఒకరికి ఎక్కిందని సంతోషించాం. పని మొదలైన రోజు సెలవు పెట్టి వెళ్లాను.

గరికపాడు వైపు నుంచి వచ్చిన కూలీలు మూతికి గుడ్డయినా కట్టుకోకుండా రేకులతో గరగరా గీకుతున్నారు. మంట పెట్టి కొన్నిచోట్ల రంగు కాలుస్తున్నారు. ఆకుపచ్చ దుమ్ము పొగలా లేచి దండేల మీది బట్టల మీదా, పక్కింటావిడ ఎండబోసిన మిరపకాయల మీదా పడుతోంది. రాలిన పొట్టులో పిల్లలు వేళ్లతో గీతలు గీస్తున్నారు.

"తడిపి గీకండయ్యా, ఆ దుమ్ము విషం" అన్నాను మేస్త్రీతో.

"దుమ్మే గదమ్మా, కడిగితే పోతది. తడిపితే పని సాగదు" అన్నాడు. అతని కనుబొమ్మలు కూడా ఆకుపచ్చగా ఉన్నాయి.

నేనే బావి నుంచి నీళ్లు తోడి గోనెపట్టాలు తడిపి పరిచాను. పిల్లల్ని లాగి అవతలికి పంపాను. పక్కింటావిడకి కోపం వచ్చింది.

"మీ పిల్ల ఒక్కదానికి రోగమొస్తే అందరి ఇళ్లూ పీకించావు కదమ్మా" అంది.

"మీ బాబుని కూడా ఒకసారి బెజవాడ తీసుకెళ్లండక్కా. వాడూ పాలిపోయి ఉన్నాడు."

"అపశకునం మాటలు మాట్లాడకు. మా వాడికేం, దుక్కలా ఉన్నాడు."

ఆ మరుసటేడు వాళ్లకి బదిలీ అయింది. ఆ పిల్లవాడి సంగతి తర్వాత నాకు తెలియలేదు. మిగతా ఇళ్ల పిల్లల్ని పరీక్ష చేయించాలని పైవాళ్లకి ఎవరికీ తోచలేదు. గీకిన పొట్టంతా వెనక కాలవలోకి తోసేశారు.

పని అయ్యాక రంగు డబ్బాలు దిగాయి. అదే ఆకుపచ్చ, అదే రకం. మా ఆయన వెళ్లి అడిగితే, గీకమని ఆర్డరుంది గానీ రంగు మార్చమని లేదన్నారట. మా కిటికీలకి మాత్రం వేయనివ్వకుండా అడ్డం నిలబడ్డాడు. పాపని మళ్లీ అక్కడికి తెచ్చే ధైర్యం లేక, ఆ తర్వాత మేమే ఖాళీ చేశాం. మేం వెళ్లగానే మా ఇంటికీ వేశారు. కొత్తగా చేరినావిడ చంకలో పసిపిల్ల ఉందని విని, బడి విడిచాక వెళ్లి సంగతంతా చెప్పాను. మంచినీళ్లిచ్చి, మర్యాదగా విని, "మా పాప అలాంటివేం తినదండి" అంది.

మా పాపకి నాలుగో ఏట మళ్లీ మాటలు వచ్చాయి, కొన్ని. ఆరో ఏట నా బడిలోనే, నా తరగతిలోనే చేర్పించాను. వేరే టీచరు కొడుతుందేమోనని భయం. పలక మీద అక్షరం రాసిచ్చి చెయ్యి పట్టి దిద్దించేదాన్ని. దిద్దినంతసేపూ నా మొహం చూసి నవ్వేది. చెయ్యి వదిలితే బలపం అక్కడే ఆగిపోయేది. దానితో చేరిన పిల్లలు వేసవి సెలవులయ్యాక పక్కగదిలోకి వెళ్లారు. పాప వాళ్ల వెనకే గుమ్మం దాకా వెళ్లి, లోపలికి రావద్దంటే తిరిగొచ్చి ముందు వరసలో కూర్చుంది. ఆ పై ఏడు కూడా అక్కడే కూర్చుంది.