కప్పు మీద సున్నపు గుర్తు

అద్దాలు బిగించే మేస్త్రికి ఒక అలవాటుంది. అద్దాన్ని చట్రంలో కూర్చోబెట్టాక వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి వంచి వింటాడు. సరిగ్గా కూర్చున్న అద్దం గట్టిగా పలుకుతుంది, వదులుగా ఉన్నది గొణుగుతుంది. ముప్పై ఏళ్లు ఊరంతా ఆ చప్పుడు వినీ వినీ, తల్లిదండ్రులు పెట్టిన పేరు మరిచిపోయి టకటక మేస్త్రి అని పిలవసాగింది.

పనిలో ఆయనకు వంక పెట్టలేం. మాటలో మాత్రం పెట్టొచ్చు. ఎవరు ఏ పని తెచ్చినా "రేపు చూద్దాంలే" అంటాడు. ఆ రేపు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు.

ఇరవై రెండేళ్లుగా దేశాన్ని ఏలుతున్న మనిషిని అందరూ పెద్దాయన అనేవారు. పేరు పెట్టి పిలిచిన వాళ్లు ఎక్కువ కాలం కనపడేవారు కారు. ఆయన పటం ప్రతి ఇంట్లో, ప్రతి కొట్లో, ప్రతి తరగతి గదిలో ఉండి తీరాలి. పటానికి అద్దం కావాలి కదా! ఆ లెక్కన మేస్త్రి ఇంట్లో సగం రోజులు పొయ్యి వెలిగింది పెద్దాయన ముఖం పుణ్యమే. భార్య ఆ మాట దెప్పినప్పుడల్లా మేస్త్రి అద్దాలు అతికించే పుట్టీ పిసుక్కుంటూ కూర్చునేవాడు.

ఒక్కగానొక్క కూతురు బడిలో లెక్కల టీచరు. ఎనిమిది నెలల కిందట తరగతిలో బంతి తగిలి పెద్దాయన పటం అద్దం పగిలింది. ఆమె పటాన్ని చీర కొంగులో చుట్టి తండ్రి దగ్గరికి తెచ్చింది.

"నాన్నా, ఇవాళే చేసివ్వు. గోడ బోసిగా ఉంటే బాగుండదు."

"రేపు చూద్దాంలే అమ్మా."

మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు బడికి జీపు వచ్చింది. గోడకున్న ఒట్టి మేకును చూపించి, టీచర్ని ఎక్కించుకుని పోయారు. ఆ పటం ఇప్పటికీ మేస్త్రి బల్ల కిందే ఉంది.

కూతురు ఎక్కడుందో చెప్పింది బావమరిది. అతను దర్జీ, సిపాయిల దుస్తులు కుడతాడు. కొలతలు తీసుకోవడానికి మూతపడ్డ నూలు మిల్లుకు వెళ్లినప్పుడు చూశాడట. అక్కడ రెండు షెడ్లు. మొదటి దానిలో ఫిరంగులు, గుండ్ల పెట్టెలు. రెండో దానిలో ఖైదీ ఆడవాళ్లు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పరాయి దేశాల విమానాలు కాగితాలు జల్లాయి. "మీ పెద్దాయన్ని దించడానికి వస్తున్నాం. మీతో మాకు పగ లేదు. ఆసుపత్రుల మీద, నిస్సహాయులున్న చోట్ల మీద తెల్లటి ఇంటూ గుర్తు వెయ్యండి. వాటి జోలికి రాము" అని వాటిలో ఉంది.

ఆ పూట అన్నాల దగ్గర అక్కాతమ్ముళ్లకు మాటా మాటా పెరిగింది.

"రానీ. మునిగిపోయేవాడు చెయ్యందించినవాడి ఊరు అడుగుతాడా?" అంది మేస్త్రి భార్య.

"ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా అక్కా? వాళ్లేమైనా మన మీద ప్రేమ కొద్దీ వస్తున్నారా?"

"ఆ ఎలుక నా కూతుర్ని ఎత్తుకుపోయిందిరా. ఇరవై రెండేళ్లు మనం ఏం పీకాం? ఇంకెవరు దించుతారు వాణ్ణి, నువ్వా, నీ కత్తెరా?"

"బాంబుకి కళ్లుంటాయా మరి? అమ్మాయి ఆ మిల్లులోనే ఉంది!"

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇద్దరూ మేస్త్రి వైపు చూశారు. ఆయనకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది, అదే ఆయన బాధ. ఇలాంటి వాటిలో తప్పొప్పులు చిటికెలో తేల్చేవాళ్లు ప్రపంచంలో బోలెడుమంది ఉన్నారు. వాళ్లెవరి కూతురూ ఆ షెడ్డులో లేదు.

ఆ వారమే మిల్లు నుంచి కబురొచ్చింది. ఫిరంగులు కాల్చి చూసిన అదురుకు రెండో షెడ్డు కప్పులో అద్దాలు పగిలాయట. పాత మిల్లుల కప్పు తెలుసు కదా, రంపం పళ్లలా ఏటవాలుగా ఒక పక్క రేకు, ఒక పక్క అద్దం. షెడ్డుకు నలభై రెండు అద్దాలు, వాటి కింద ఇనప చువ్వలు.

జన్మలో మొదటిసారి మేస్త్రి రేపు అనలేదు. పగిలినవి మార్చి, నలభై రెండింటి మీదా సున్నపు బ్రష్షుతో పెద్ద పెద్ద ఇంటూలు గీశాడు.

"ఇదేంటి?" అన్నాడు మిల్లు మీద పెత్తనం చేసే కెప్టెన్.

"మా పనిలో ఆనవాయితీ సార్. కొత్త అద్దం కంటికి ఆనదు, ఎవరన్నా కాలు పెడతారని గుర్తు వేస్తాం. పుట్టీ ఆరాక నేనే వచ్చి తుడుస్తాను."

అది అబద్ధం కాదు. అద్దాల పని చేసే ప్రతివాడూ చేసేదే. ఇంటికొచ్చి భార్యకు చెబితే ఆమె ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి కడుపు నిండా తింది.

నాలుగు రోజులకు కెప్టెన్ మేస్త్రి కొట్టుకు వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి విమానాలు జల్లిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"మీ ఆనవాయితీ బాగుంది మేస్త్రీ. నిన్ను ఏమీ చెయ్యనులే, పనికొచ్చే పని చేశావు. నా ఫిరంగులూ పెట్టెలూ ఆ గుర్తు కిందకి మార్పించాను. ఆడవాళ్లని మొదటి షెడ్డులోకి తోశాం. గుర్తు మాత్రం చెరపకు."

కూతురికి గొడుగు పట్టబోయి, ఆ పిల్లనే తన చేతులతో వానలోకి నెట్టాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా భయం ఒక్కోసారి మనిషికి తెలివినిస్తుంది.

"సార్, ఒక్క షెడ్డుకే గుర్తుంటే పైన విమానంలోవాడికి అనుమానం రాదా? మిల్లు మొత్తానికి వేస్తే నమ్ముతాడు."

కెప్టెన్ ఆలోచించి, నవ్వి, భుజం తట్టి వెళ్లాడు.

మర్నాడే మేస్త్రి మొదటి షెడ్డు ఎక్కాడు. గుర్తు వేసిన ప్రతి అద్దాన్నీ అలవాటు కొద్దీ రెండుసార్లు కొట్టాడు. తొమ్మిదో అద్దం దగ్గర కింద ఒక తల పైకి లేచింది. జుట్టు కత్తిరించేశారు, ముఖం చిక్కిపోయింది. అయినా కూతురే. చిన్నప్పుడు ఆ చప్పుడు వినగానే వీధి చివరి నుంచి పరిగెత్తుకొచ్చేది. చెయ్యెత్తి, వేలి కణుపుతో గాల్లో రెండుసార్లు కొట్టింది. మేస్త్రికి కళ్లు మసకబారి పదో అద్దం మీద గీత వంకరపోయింది.

విమానాలు వచ్చాయి. రేవు మీద, వంతెన మీద బాంబులు పడ్డాయి. మిల్లును వదిలేశాయి. ఇంట్లో మొగుడూ పెళ్లాలు చేతులు పట్టుకుని కూర్చున్నారు. అప్పుడే మిల్లు వైపు నుంచి ఫిరంగి పేలింది. సిపాయిలు ఫిరంగుల్ని తెల్ల గుర్తు కిందనుంచి ఆవరణలోకి లాక్కొచ్చి కాలుస్తున్నారు. ఒక విమానం పొగ కక్కుకుంటూ ఊరవతల కూలింది.

"మీ సున్నమే ఆ ఫిరంగుల్ని కాపాడింది" అంది భార్య. నిష్ఠూరం కాదు, ఊరికే అంది. అదే ఎక్కువ తగిలింది.

మర్నాడు పొద్దున్నే పరాయి రేడియో చెప్పింది. గుర్తుల చాటు నుంచి తమ మీద కాల్పులు జరిగాయి కాబట్టి ఇక మీదట ఏ కప్పు మీది గుర్తునూ లెక్కచెయ్యరట. ఊళ్లో ఆసుపత్రి కప్పు మీదా తెల్ల ఇంటూ ఉంది.

మేస్త్రి లేచి, ఉలి, పుట్టీ గీకే కత్తి సంచిలో వేసుకున్నాడు.

"ఎక్కడికండీ?"

"బాంబు ఆపడం నా వల్ల కాదు. అదురుకి పగిలి ఆడవాళ్ల మీద అద్దం పడకుండా చూడటం అవుతుంది."

"రేపు..." అనబోయి ఆమె ఆగిపోయింది. సంచి పట్టీ తనే ఆయన భుజానికి వేసింది.

గేటు దగ్గర సిపాయి "ఇవాళా?" అన్నాడు.

"నిన్నటి అదురుకి పాత పుట్టీ వదిలేసింది బాబూ. అద్దం జారి ఎవరైనా చస్తే కెప్టెన్ గారు అడిగేది నిన్నే."

సిపాయి ఆకాశం వైపు ఒకసారి చూసి గేటు తీశాడు.

మొదటి షెడ్డు మీద ఇరవై ఏళ్ల నాటి పుట్టీ రాయిలా ఉంది. చుట్టూ గీకి, అంచు లేపి, అద్దాన్ని తీసి రేకు మీద పడుకోబెట్టి, మళ్లీ ఇంకొకటి. వేళ్లు తెగాయి. కింద ఆడవాళ్లు గోడ వారకు జరిగి ఒకళ్లనొకళ్లు పట్టుకుని నిలబడ్డారు. ఒకటొకటిగా ఖాళీ అయిన చువ్వల మధ్యనుంచి వాళ్ల మీద ఎండ పడుతోంది. ముప్పై ఒకటోది తీసేసరికి సైరన్ మోగింది. సిపాయిలు పరుగులు పెట్టారు. నిచ్చెన దగ్గర ఎవరూ లేరు. దూరంగా మోత మొదలైంది.

ఎనిమిది నెలల తర్వాత కూతురి గొంతు మొదటిసారి వినపడింది.

"నాన్నా, దిగు! వెళ్లిపో నాన్నా!"

మేస్త్రి తల ఎత్తలేదు. కత్తిని పుట్టీలోకి దించాడు.

"ఇంకా పదకొండున్నాయమ్మా."